రాళ్ళని చదివిందెవరు?

ఆదివారం పొద్దున ఆబిడ్స్‌లో షాపుల షట్టర్లు దించి వుంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఓ వారం అక్కడ, ఎంసెట్ గైడ్ల కింద, అట్ట చిరిగిన కైఫీయత్తుల సంపుటం ఒకటి దొరికింది. నూటయాభై అన్నాడు, వందకి ఇచ్చాడు.

కైఫీయత్తు అంటే ఊరి చరిత్ర. గుడి ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, మాన్యాలు ఎవరికిచ్చారు, శాసనంలో ఏముంది అన్నవన్నీ కరణాలనీ పెద్దలనీ అడిగి రాసుకున్న కాగితాలు. వీటన్నిటినీ కలిపి మెకంజీ కలెక్షన్ అంటారు. మెకంజీ గురించి నాకు తెలిసింది అంతవరకే. ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాక మాత్రం నిద్ర పట్టలేదు. దానికి కారణం మెకంజీ కాదు, నేను. అది తర్వాత చెప్తాను.

కాలిన్ మెకంజీ స్కాట్లండ్ ఉత్తరాన లూయిస్ దీవిలో పుట్టాడు. 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరడానికి మద్రాసు వచ్చాడు. టిప్పుతో యుద్ధాల్లో ఇంజనీరుగా పనిచేశాడు. 1792 తర్వాత చాలాకాలం నిజాం రాజ్యంలో సర్వే చేశాడు. 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో వున్నాడు, 1811లో జావా దండయాత్రకీ వెళ్ళాడు. 1815లో మొత్తం ఇండియాకి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821లో చనిపోయేనాటికి ఆయన దగ్గర పోగైనవి: 1,568 రాతప్రతులు, 8,076 శాసనాల నకళ్ళు, ఆరు వేలకి పైగా నాణేలు. కంపెనీ ఆయన భార్యకి లక్ష రూపాయలిచ్చి వాటిని కొనుక్కుంది.

ఇంత పోగేసిన మనిషికి మన భాషలు రావు. ఆ మాట ఆయనే 1817లో ఓ ఉత్తరంలో ఒప్పుకున్నాడు. 1796లో సిలోన్ నుంచి తిరిగొచ్చాక ఓ బ్రాహ్మణ యువకుడు పరిచయమయ్యాడనీ, ఈ దేశపు విజ్ఞానంలోకి తనకి తలుపు తెరిచింది అతనేననీ రాశాడు. ఆ యువకుడే ఏలూరు వాడైన కావలి వెంకట బొర్రయ్య. హళగన్నడ శాసనాల లిపిని విప్పడంలో కృషి చేశాడు. ఊరూరికీ మనుషుల్ని పంపే పద్ధతిని నిలబెట్టాడు. 1803లో, ముప్పై ఏళ్ళైనా నిండకుండానే చనిపోయాడు. తర్వాత ఆ పనంతా తమ్ముడు లక్ష్మయ్య మీద పడింది.

మరి పండితుడెవరు? అక్షరం చదవగలిగినవాడా, చదివించగలిగినవాడా?

ఇందులో తేలిగ్గా తీర్పు చెప్పే దారి ఒకటుంది: తెల్లవాడు దోచుకున్నాడు, మనవాడు మరుగున పడ్డాడు. సగం నిజమే. సర్వే చేసేది పన్నుల కోసమూ యుద్ధాల కోసమూ అని కరణాలకి తెలుసు కాబట్టే మాన్యాల లెక్కలు చెప్పడానికి భయపడ్డారు. కానీ అమరావతి సంగతి చూడండి. అక్కడ వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు ఇటుకలకీ రాళ్ళకీ స్తూపాన్ని తవ్వుతున్నారు. ఆ కబురు విని మెకంజీ వెళ్ళి చూశాడు. 1816లో మళ్ళీ మనుషుల్ని తీసుకెళ్ళి బొమ్మలు గీయించాడు. వాటిలో కొన్ని రాళ్ళు ఇవాళ ఎక్కడా లేవు, బొమ్మలే మిగిలాయి. బొర్రయ్యకి చదువుంది కానీ గుర్రం, జీతాలు, కంపెనీ పరవానా లేవు. మెకంజీకి అవన్నీ వున్నాయి, చదువు లేదు. ఒకరు లేకుండా రెండోవారి పని జరిగేది కాదు. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. బొర్రయ్య అగ్రహారాల్లోకీ తాళపత్రాల దగ్గరికీ వెళ్ళగలిగింది కులం వల్ల కూడా. మెకంజీ నీడ బొర్రయ్య మీద పడితే, బొర్రయ్య నీడ ఇంకెవరెవరి మీదో పడింది.

ఇక నా సంగతి. నాలుగేళ్ళ క్రితం మా ప్రాజెక్టులో ఓ పాత బిల్లింగ్ సిస్టమ్ వుండేది. రాసినవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు, కోడ్ ఎవరికీ అర్థమయ్యేది కాదు. కాంట్రాక్టు మీద వచ్చిన ఓ వరంగల్ అమ్మాయి మూడు నెలలు కూర్చుని మాడ్యూల్ తర్వాత మాడ్యూల్ చదివి డాక్యుమెంట్ రాసింది. క్లయింటు ముందు ప్రెజెంట్ చేసింది నేను. అబద్ధం చెప్పలేదు. చివరి స్లైడులో ఆమె పేరు పెట్టి థాంక్స్ చెప్పాను, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఏడు నాకు ప్రమోషన్ వచ్చింది. ఆమెకి కాంట్రాక్టు అయిపోయింది.

నేను పుస్తకం కొన్న వారమే ఆమె ఫోన్ చేసింది. "అన్నా, ఆ పని నేనే చేసిన అంటే ఇంటర్వ్యూల నమ్ముతలేరు. ఏమన్న ప్రూఫ్ ఉన్నదా అంటున్రు."

లేదు. డాక్యుమెంట్ మీద నా పేరుంది. ఆ స్లైడ్ ఎక్కడుందో నాకే తెలీదు.

కృతజ్ఞత చెప్తే బాకీ తీరినట్టేనని అప్పటిదాకా అనుకున్నాను. మెకంజీ బొర్రయ్యకి చెప్పినంత ఘనంగా ఆ రోజుల్లో ఇంకెవరైనా చెప్పారా అంటే అనుమానమే. 1816లో థామస్ హికీ వేసిన పటంలో ఎర్ర కోటు వేసుకున్న మెకంజీ పక్కన ముగ్గురు భారతీయులున్నారు. అందులో ఒకరు లక్ష్మయ్యేనని చాలామంది అంటారు. అంత దగ్గర నిలబెట్టుకున్నాడు. అయినా మెకంజీ పోయాక ఏం జరిగింది? కేటలాగు 1828లో దక్షిణాది భాషలు రాని విల్సన్ పేరు మీద వచ్చింది. మిగిలిన పని తనకి అప్పగించమని లక్ష్మయ్య అర్జీ పెట్టుకున్నాడు. 1836లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ కాదంది. అప్పుడు కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్, మరుసటి ఏడు బ్రాహ్మీ లిపిని విప్పిన మనిషి. లక్ష్మయ్యే కాదు, నేటివు ఎవరైనా సరే ఇలాంటి పనికి సరితూగరన్న ధోరణిలో జవాబిచ్చారు. పని చివరికి మద్రాసులోని విలియం టేలర్ అనే మిషనరీకి వెళ్ళింది.

మెకంజీ కృతజ్ఞత మంచిదే. కానీ అది మెకంజీది. ఆయనతోనే పోయింది. వారసుల దగ్గర అది చెల్లే నాణెం కాదు. నా చివరి స్లైడూ అంతే.

అలాగని తేడా లేదనను. కంపెనీ సైన్యంలోనే ఇంకో అధికారి, రాలిన్సన్, ఇరాన్‌లో బెహిస్తూన్ కొండ మీది శాసనాన్ని కాపీ చేయించాడు. 1847లో పెద్దవాళ్ళెవరూ ఎక్కలేని చోటికి ఓ కుర్దు కుర్రాడు పాకి వెళ్ళి కాగితం అద్ది అచ్చు తీసుకొచ్చాడు. రాలిన్సన్ ఆ కుర్రాడి సాహసాన్ని మెచ్చుకున్నాడు, పేరు మాత్రం రాయలేదు. మన దగ్గర నారాయణరావు, ఆనందరావు లాంటి పేర్లు ఎందుకు మిగిలాయి? ఎక్కడెక్కడ తిరిగారో, ఏం సేకరించారో రిపోర్టులు రాసి పంపమని మెకంజీ వాళ్ళకి నియమం పెట్టాడు కాబట్టి. ఆ రిపోర్టులు ఇవాళ్టికీ లండన్‌లో వున్నాయి. దాన్ని ప్రేమ అనలేం, ఓ సైనికుడికుండే లెక్కల అలవాటు అనుకోవచ్చు. కానీ ఉత్తరంలోని పొగడ్తకంటే ఆ అలవాటే వాళ్ళకి ఎక్కువ న్యాయం చేసింది. బొర్రయ్యకైతే ఇంకో తమ్ముడున్నాడు. రామస్వామి 1829లో దక్కను కవుల జీవితాల మీద ఇంగ్లీషులో వేసిన పుస్తకంలో అన్న గురించి కూడా రాశాడు. అందరికీ అలాంటి తమ్ముళ్ళు వుండరు.

మరుసటి ఆదివారం ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ మీదుగా పబ్లిక్ గార్డెన్స్‌కి నడిచాను. మ్యూజియంలో జనమంతా మమ్మీ దగ్గరే వున్నారు. నేను శాసనాల ముందు నిలబడ్డాను. ఒక్క ముక్క చదవలేకపోయాను, మెకంజీ లాగే. మన శాసనాల్లో చాలావాటికి చివర రాసిన కవి పేరో, చెక్కినవాడి పేరో వుంటుంది. దానం ఇచ్చింది రాజే అయినా, ఆ పేర్లు కూడా రాతిలోనే. ఎవరో గుర్తుపెట్టుకుంటారన్న నమ్మకం మీద వదిలేయలేదు.

సోమవారం డాక్యుమెంట్ హిస్టరీలో ఆమె పేరు రచయితగా మార్చమని రిక్వెస్టు పెట్టాను. మేనేజర్‌కి మెయిల్ చేసి, నాలుగేళ్ళ క్రితం ప్రెజెంటేషన్‌లో వున్న పని ఎవరిదో విడమరిచి రాశాను. జవాబింకా రాలేదు. కంపెనీ వదిలేసినవాళ్ళ పేర్లు పెట్టే కాలమ్ ఆ సిస్టమ్‌లో లేదట. ఆమెకి మాత్రం నా సంతకంతో ఓ ఉత్తరం పంపాను. అదీ మళ్ళీ నా మాటే, ఎన్నాళ్ళు చెల్లుతుందో తెలీదు.