కాయబలము - మనోధైర్యము

పరీక్ష తప్పిన విద్యార్థి ప్రాణము తీసికొనుట తెలుగునాట అరుదైన వార్త కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన కొలదిదినములలోనే ఇరువదిమందికి పైగా బిడ్డలు బలవన్మరణము పొందిరి. 2022లో దేశమంతట ఇట్లు మరణించిన విద్యార్థులు 13,044 మందియని జాతీయ నేర గణాంక సంస్థ లెక్క. ఇందులకు కారణములు పెక్కు. వ్యాయామలోపమొక్కటే కారణమనుట అవివేకము. అయినను ఓటమిని తట్టుకొను శక్తికిని దేహమునకును గల సంబంధమును మనము విస్మరించితిమి.

పరుగెత్తువాని గుండె వేగముగ కొట్టుకొనును, ఊపిరి ఎగయును, చెమట పట్టును. ప్రశ్నపత్రమును చూచి భయపడువానికిని ఇవే లక్షణములు. దినదినము పరుగెత్తువాడు వానిని వందలమారులు అనుభవించి, కొలదినిమిషములలో అవి తమంత తామే అణగుట ఎరిగినవాడు. గుండెదడ ప్రాణాపాయము కాదని అతనికి పుస్తకము చెప్పనక్కరలేదు, ఒడలే చెప్పును. 1999లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు విషాదరోగముతో బాధపడు 156 మందిని పరీక్షించి, పదునారు వారములు వ్యాయామము చేసినవారికి మందు తిన్నవారితో సరితూగు మేలు కలిగెనని ప్రకటించిరి. (వారు ఏబదియేండ్లు దాటినవారు, విద్యార్థులు కారు. దీనిని చదివి ఎవరును మందు మానరాదు.)

ఐదు మొదలు పదునేడేండ్ల వారికి దినమునకు సగటున 60 నిమిషములు, పెద్దలకు వారమునకు కనీసము 150 నిమిషములు శ్రమ కావలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. జహీరాబాదు వంటి ఊరిలో చెరకుతోటల నడుమ బాటపై వడిగా నడచుటకు రుసుము లేదు. ముంబాయి రహదారిపై లారీల నడుమ మాత్రము తగదు.

"ఆటలాడిన మార్కులు పోవును" అను తండ్రులు మనలో ఎందరో! కాయకమను మాటలోనే కాయమున్నది. బసవేశ్వరుని బోధ నెరిగిన ఇండ్లలో సైతము దేహమును చదువునకు శత్రువుగ ఎంచుట వింత. 2014 మే 25న పదుమూడేండ్ల ప్రాయమున ఎవరెస్టు నెక్కిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. భువనగిరి కొండపై ఆమెకు శిక్షణ నిప్పించిన పెద్దలు ఆ కాలమును వ్యర్థమని తలపలేదు.

వేకువనుండి రాత్రి పొద్దుపోవువరకు గదిలో కూర్చుండబెట్టి, ఆటస్థలమే లేని కళాశాలకు బిడ్డను పంపి, పిదప "నీకు మనోబలము లేదు" అని నిందించుట న్యాయమా? ధైర్యము విద్యార్థి యొక్కని బాధ్యత కాదు. విశాఖపట్టణమున ఒక విద్యార్థిని మరణమునకు సంబంధించిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2025 జూలైలో, క్రీడలకును కళలకును ప్రాధాన్యమీయవలయునని విద్యాసంస్థలను ఆదేశించినది. శిక్షగా మైదానము చుట్టు పరుగెత్తించుట మాత్రము వ్యాయామము కాదు. అది పరుగునే ఏవగించుకొనునట్లు చేయును.

మఠముల వసతిగృహములలో సాయంకాలము ఒక గంట ఆటకు కేటాయింపవచ్చును. పరీక్షలు సమీపింపగనే మొట్టమొదట రద్దగునది ఆ గంటయే. ఎండలు ముదిరిన కాలమున దానిని ఉదయము ఆరుగంటలకు మార్చుకొనిన చాలును.