మన తాతముత్తాతల కోసం ప్రార్థించవచ్చునా?



నవంబరు 2న మృతుల పండుగనాడు సమాధులపై కొవ్వొత్తులు వెలిగిస్తాము. గుమ్మలక్ష్మీపురం వంటి కొండ ప్రాంతపు విచారణలలో, సవర, జాతాపు కుటుంబాలకు ఆనాడు ఒక ప్రశ్న మిగిలిపోతుంది. "ఫాదర్‌గారూ, మేము జ్ఞానస్నానం పొందాము. మా తాత పొందకుండానే పోయాడు. ఆయన కోసం పూజ చెప్పించవచ్చునా?" ఇది చిన్న ప్రశ్న కాదు. తాత గతి ఏమయ్యిందోనన్న దిగులుతో మనవడు మోక్షమార్గంలో సంతోషంగా నడవలేడు.

ముందుగా ఉత్తరించు స్థలము అంటే ఏమిటో తెలుసుకొందాం. అది చిన్న నరకం కాదు. జీవితాంతం దేవుణ్ణి కాదన్నవారికి దొరికే రెండవ అవకాశమూ కాదు. దేవుని స్నేహంలో మరణించినా ఇంకా పూర్తిగా శుద్ధి పొందనివారు, మోక్షానికి తగిన పవిత్రత పొందే స్థితి అది. వారి రక్షణ మాత్రం నిశ్చయమని 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం (1030) బోధిస్తున్నది.

దేవుడు క్షమించాక మళ్ళీ శుద్ధి ఎందుకు అంటారా? సారా మానేసి ఇంటికి వచ్చిన భర్తను భార్య ఆ రోజే క్షమించవచ్చు. కాని అతని చేతి వణుకు, నోటి దురుసు, చేసిన అప్పు ఆ రోజే పోవు. క్షమాపణ ఒక క్షణంలో దొరుకుతుంది, మనిషి బాగుపడటానికి కాలం పడుతుంది. పసుపు పండించే ఇళ్ళలో చూడండి. తవ్విన కొమ్ములను కడిగి, ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగు పెడతారు. పారవేసేదాన్ని ఎవరూ ఉడకబెట్టరు. ఉత్తరించు స్థలములోని బాధ కూడా దేవుడు మనలను విలువైనవారిగా ఎంచినందువల్ల కలిగేదే. అది ఆయన కరుణ చేసే పని.

ఇక తాత సంగతి. మక్కబీయుల రెండవ గ్రంథం 12వ అధ్యాయం చదవండి. యుద్ధంలో కూలిన యూదు సైనికుల వస్త్రాల క్రింద విగ్రహాల తాయెత్తులు దొరికాయి. అయినా యూదా మక్కబీ వారిని వదలుకోలేదు. సుమారు రెండువేల వెండి నాణెములు పోగుచేసి, వారి పాపాల కోసం బలి అర్పించడానికి యెరూషలేముకు పంపాడు. తమ తప్పు లేకుండా సువార్తను ఎరుగకపోయినా, నిండు మనసుతో దేవుణ్ణి వెదకి, అంతరాత్మ చెప్పినట్లు జీవించినవారు రక్షణ పొందగలరని రెండవ వాటికన్ మహాసభ 1964లో ప్రకటించింది. బ్రతికివున్నవారి కోసమైనా, చనిపోయినవారి కోసమైనా, ఎవరి కోసమైనా గురువు పూజ అర్పించవచ్చునని శ్రీసభ చట్టం (901) చెబుతున్నది.

కనుక తాత కోసం పూజ చెప్పించండి. ఆయన ఎక్కడ ఉన్నాడో తీర్పు చెప్పే అధికారం మనకు లేదు. ఆశించే హక్కు మాత్రం ఉంది.

అయితే ఒక తేడా గమనించండి. సవరల పూర్వాచారంలో చనిపోయినవారి పేరిట రాయి నిలిపి బలి ఇచ్చేవారు. ఆ ఆచారం వెనుక ఉన్న ప్రేమను చులకన చేయకండి. కాని మనం మృతులకు భయపడి వారిని శాంతింపజేయము. వారి కోసం తండ్రిని వేడుకొంటాము. పూజకిచ్చే కానుక మోక్షానికి టిక్కెట్టు కూడా కాదు. ఉత్తరించు స్థలము పేరిట మూఢనమ్మకాలను, డబ్బు సంపాదనను ట్రెంట్ మహాసభ 1563లోనే నిషేధించింది. అప్పుచేసి వర్ధంతి భోజనాలు పెట్టనక్కరలేదు. తాత ఎవరికైనా కూలి బాకీపడి ఉంటే అది తీర్చండి. ఆయనతో గట్టు తగాదా పడ్డవారి ఇంటికి వెళ్ళి సమాధానపడండి. ఆయన మీకు చేసిన అన్యాయం ఉంటే ఈ రోజే క్షమించండి. ఇవన్నీ ప్రార్థనతోపాటు దేవునికి ప్రీతికరమైన కానుకలే.

ఈ నెలలో రాత్రి జపమాల ముగిశాక, మీ ఇంటి మృతులను ఒక్కొక్కరిని పేరుపెట్టి తలచుకోండి. జ్ఞానస్నానం లేని పేర్లను విడిచిపెట్టకండి. పేరు తెలియని పూర్వికులను సైతం దేవుడు పేరుపెట్టి ఎరుగును.

కరుణామయుడైన తండ్రి వారికి నిత్య విశ్రాంతిని, మనకు మంచి మరణాన్ని అనుగ్రహించునుగాక. ఆమెన్.