ఆ గదిలో మాట్లాడనిది ఎవరు?

(ఇంగ్లీషు సాహిత్యంలో పరిశోధన చేస్తున్న అబ్బాయికీ, డిగ్రీ కాలేజీలో అదే ఇంగ్లీషు చెప్పి రిటైరైన అతని పిన్నికీ మధ్య జేన్ ఆస్టిన్ మీద నడిచిన మాటలివి.)

అబ్బాయి: పిన్నీ, నా థీసిస్ ఆస్టిన్ చాప్టర్ దగ్గర ఆగిపోయింది. ఆవిడ బతికిన కాలం చూడు. 1793 నుంచి 1815 దాకా మధ్యలో కాస్త విరామం తప్ప ఫ్రాన్సుతో యుద్ధమే. 1807లో బానిసల వ్యాపారాన్ని బ్రిటిష్ పార్లమెంటు నిషేధించింది. పల్లెల్లో ఉమ్మడి భూములకు కంచెలు పడుతున్నాయి. ఈవిడ నవలల్లో మాత్రం విందులు, డాన్సులు, ఎవరు ఎవర్ని చేసుకుంటారన్న గోల. తన కాలం మొహాన తలుపేసుకుని కూర్చుందని రాస్తే తప్పా?

పిన్ని: తప్పేం కాదురా, పాత మాట. ఆ నవలల్లో గాలి ఆడదని షార్లెట్ బ్రాంటీ 1848లోనే విసుక్కుంది. నేనడిగేది ఒకటే. నవల రాసే మనిషి తన కాలానికి పడే బాకీ ఏమిటి? జరిగినవన్నీ రాయడమా, రాసినంత మేరా లెక్క తప్పకుండా రాయడమా?

అబ్బాయి: రెండూ అనొచ్చుగా.

పిన్ని: మొదటిది ఏ నవలకీ సాధ్యం కాదు. సాధ్యం కానిదాన్ని బాకీ అనకూడదు.

అబ్బాయి: సరే, ఒప్పుకున్నాను. రెండోది చూద్దాం.

పిన్ని: ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ రెండో అధ్యాయం గుర్తుందా? సవతి తల్లినీ ముగ్గురు చెల్లెళ్లనూ చూసుకోమని తండ్రి పోతూ పోతూ కొడుకు దగ్గర మాట తీసుకుంటాడు. తలా వెయ్యి చొప్పున మూడు వేల పౌండ్లు ఇద్దామనుకుంటాడు కొడుకు జాన్ డాష్‌వుడ్. భార్య పక్కన చేరి మెల్లగా మాట కలుపుతుంది. మూడు వేలు పదిహేను వందలవుతుంది. అది పోయి, తల్లి బతికినన్నాళ్లూ ఏడాదికో వంద అన్న ఆలోచన వస్తుంది. అదీ బరువనిపించి అప్పుడప్పుడూ ఓ యాభై అనుకుంటారు. చివరికి చేపలో వేట మాంసమో దొరికే రోజుల్లో కాస్త పంపిస్తే చాలునన్న చోట తేలుతుంది. పైగా ఆ తల్లి తీసుకెళ్లే పింగాణీ సామాను మీద కూడా కోడలికి కన్ను. ఒక్కరూ గొంతు పెంచరు. అంతా ఎంతో మర్యాదగా జరిగిపోతుంది. ఇందులో సమాజం లేదంటే నాకు అర్థం కాదు.

అబ్బాయి: అది ఒక ఇంటి కథ పిన్నీ.

పిన్ని: ఆ ఇంటి వెనక చట్టం ఉంది. భూమి మగ వారసుడికి పోతుంది. పెళ్లయితే ఆడదాని సొమ్ము మొగుడిదవుతుంది. ఇంగ్లండులో అది మారడానికి 1870, 1882 చట్టాలు రావాల్సొచ్చింది. పెళ్లి కాకపోతే అన్నదమ్ముల దయ. ఆ నవలకు తొలి రూపం ఆస్టిన్ 1790ల్లోనే రాసింది. 1805లో ఆమె సొంత తండ్రి పోయాడు. తల్లికీ, అక్క కసాండ్రాకీ, తనకీ అన్నదమ్ములు తలా కొంత వేసుకుని ఏడాది ఖర్చులు చూశారు. వాళ్లు జాన్ డాష్‌వుడ్ కంటే ఎంతో నయం. అయినా స్థిరమైన నీడ దొరికేసరికి 1809 వచ్చింది, అదీ అన్న ఎడ్వర్డ్ చాటన్‌లో ఇచ్చిన ఇల్లు. ముందు కథగా రాసుకున్నది తర్వాత తన నెత్తిన పడింది.

అబ్బాయి: ఆ లెక్కన యుద్ధం కూడా ఉందంటావా?

పిన్ని: ఎందుకు లేదు? ‘పర్సుయేషన్’లో డబ్బులేదని వద్దనిపించుకున్న వెంట్‌వర్త్, శత్రువుల ఓడలు పట్టి ఇరవై అయిదు వేల పౌండ్లతో తిరిగొస్తాడు. వద్దన్న కుటుంబమే అప్పుడు ఆదరిస్తుంది. యుద్ధం ఆ ఇళ్లలోకి ఫిరంగి మోతగా రాలేదు, పెళ్లికొడుకు ఆస్తిగా వచ్చింది. ఎలా వచ్చిందో అలాగే రాసింది.

అబ్బాయి: విమర్శకుడు రేమండ్ విలియమ్స్ 1973లో ఒక మాటన్నాడు. ఆస్టిన్ పల్లెలో ఆమె కంటికి ఆనేవి ఆస్తిపరుల ఇళ్లే, ఆ భూములు దున్నే జనం కాదని.

పిన్ని: అది తర్వాత చూద్దాం. నీకు అసలు అడ్డం పడింది విలియమ్స్ కాదు, ఎడ్వర్డ్ సైద్. ముఖం చూస్తే తెలుస్తోంది.

అబ్బాయి: అవును. 1993లో ‘కల్చర్ అండ్ ఇంపీరియలిజం’లో ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ను పట్టుకున్నాడు కదా. సర్ థామస్ బెర్ట్రమ్ గారికి వెస్టిండీస్‌లో, ఆంటిగ్వాలో తోటలున్నాయి. అక్కడ చెరకు పండించేది బానిసలు. తోటల రాబడి తగ్గి ఆయన ఓడెక్కి వెళ్తాడు, ఏళ్లు గడిచాక వస్తాడు. నవల మొత్తంలో ఆంటిగ్వా పేరు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇంగ్లండులో ఆ పెద్దింటి ప్రశాంతత ఎవరి చెమట మీద నిలబడిందో ఆస్టిన్ చెప్పదు. నా మనసుకు అక్కడే గుచ్చుకుంటోంది.

పిన్ని: గుచ్చుకోవాలి కూడా. ఇప్పుడు ఆ సన్నివేశం చెప్పు.

అబ్బాయి: ఏ సన్నివేశం?

పిన్ని: సర్ థామస్ తిరిగొచ్చాక, ఆ ఇంట్లో పెరుగుతున్న పేద చుట్టాల పిల్ల ఫానీ ఆయన్ని బానిసల వ్యాపారం గురించి అడుగుతుంది. గదిలో ఒక్కరూ పలకరు. ఆయన సొంత పిల్లలు అక్కడే కూర్చుని ఉంటారు, వాళ్లకు ఆ ఊసే పట్టదు. ఇంకా అడిగితే వాళ్లను తక్కువ చేసి తను గొప్పలకు పోయినట్టుంటుందని ఫానీ ఊరుకుంటుంది. ఇదంతా తర్వాత ఆయన చిన్న కొడుకు ఎడ్మండ్‌కు ఆమే చెబుతుంది. ఇప్పుడు చెప్పు, ఆ గదిలో మాట్లాడనిది ఎవరు?

అబ్బాయి: ఇంట్లోవాళ్లు.

పిన్ని: రచయిత్రి కాదు కదా. రాయకుండా వదిలేయడం వేరు, ఎవరూ పలకలేదని రాసి పెట్టడం వేరు. ఆ మౌనాన్ని ఆస్టిన్ కాగితం మీద పెట్టింది. తనే నోరు మూసుకోవాలనుకుంటే ఫానీ చేత ఆ ప్రశ్న అడిగించడమెందుకు?

అబ్బాయి: సైద్ కూడా ఆ సన్నివేశాన్ని వదల్లేదు పిన్నీ. ఆ రెండు లోకాలనూ కలిపే ఉమ్మడి భాషే లేకపోవడం వల్ల ఆ మౌనమంటాడు. ఆస్టిన్‌ను అవతల పారేయమని కూడా అనలేదు, ఇంకా జాగ్రత్తగా చదవమన్నాడు.

పిన్ని: అతన్ని చదివి చేతులు దులుపుకున్నవాళ్లే ఎక్కువ. ఇంకోటి చూడు. ప్రశ్న ఎవరు అడిగారు? పదేళ్లప్పుడు పోర్ట్స్‌మౌత్ నుంచి తెచ్చి ఈ ఇంట్లో పడేసిన పిల్ల. ఆమె కూర్చునే గదిలో చలిమంట వేయకూడదని పెద్దమ్మ నోరిస్ కట్టడి. ఆ పిల్ల తర్వాత డబ్బున్న హెన్రీ క్రాఫర్డ్‌ను చేసుకోనంటుంది. సర్ థామస్ ఏం చేస్తాడు? మంచి రాబడి విలువ తెలిసొస్తుందని పుట్టింటికి, ఆ ఇరుకింటికి పంపిస్తాడు. కొట్టడు, తిట్టడు. తిండీ వెచ్చదనం తన చేతిలో ఉన్నాయని గుర్తుచేస్తాడు. ఆంటిగ్వా దొర ఇంట్లో ఎలా ఉంటాడో ఆస్టిన్ దగ్గర నుంచి చూసి రాసింది.

అబ్బాయి: ఫానీ కష్టానికీ బానిస కష్టానికీ పోలికేమిటి పిన్నీ? ఈ పిల్లకు చివర్లో ఎడ్మండ్‌తో పెళ్లవుతుంది, ఆ ఎస్టేటు నీడనే స్థిరపడుతుంది. ఆ తోటలో మనిషిని వెల కట్టి అమ్ముతారు.

పిన్ని: పోల్చడం లేదు. ఒకే చేయి రెండు చోట్ల పనిచేస్తోందంటున్నాను. ‘ఎమ్మా’లో జేన్ ఫెయిర్‌ఫాక్స్, ఇళ్లలో పిల్లలకు చదువు చెప్పే ఆడవాళ్లను కుదిర్చిపెట్టే ఆఫీసుల గురించి మాట్లాడుతుంటే మాట బానిసల వ్యాపారం మీదికి పోతుంది. ఆ వెంటనే, బాధల్లో ఏది ఎక్కువో తనకు తెలియదంటూనే, పాపం రెండింటికీ సమానం కాదని సర్దుకుంటుంది. ఆ జాగ్రత్త ఆస్టిన్‌కు ఉంది. బానిస వ్యాపారం మీద పోరాడిన క్లార్క్‌సన్‌ను చదివిన మనిషి ఆమె. అతని మీద తనకున్న అభిమానాన్ని 1813లో అక్కకు రాసిన ఉత్తరంలో సరదాగా చెప్పుకుంది కూడా.

అబ్బాయి: మాన్స్‌ఫీల్డ్ అన్న పేరు కూడా, 1772లో బానిసత్వానికి సంబంధించిన సోమర్సెట్ కేసు తీర్పు చెప్పిన లార్డ్ మాన్స్‌ఫీల్డ్‌ను తలపించడానికే పెట్టిందంటారు కదా?

పిన్ని: ఉండొచ్చు. పేర్ల మీద వాదం కట్టకు, గాలికి కూలుతుంది. ఇంట్లో ఏం జరిగిందో చూడు. కసాండ్రాకు టామ్ ఫౌల్‌తో పెళ్లి నిశ్చయమైంది. అతను సైన్యంతోపాటు మతగురువుగా వెస్టిండీస్ వెళ్లి, 1797లో పచ్చజ్వరంతో పోయాడు. అతను వదిలిన వెయ్యి పౌండ్ల మీద వచ్చే వడ్డీయే కసాండ్రా సొంత రాబడి. వెస్టిండీస్ వాళ్లకు ఎక్కడో ఉన్న చోటేం కాదు. మన దేశమూ అంతే.

అబ్బాయి: మన దేశమా?

పిన్ని: ఆమె మేనత్త ఫిలడెల్ఫియా సంగతి తెలీదా? తల్లీతండ్రీ లేని పిల్ల, లండన్‌లో టోపీలూ గౌన్లూ కుట్టే చోట పని నేర్చుకుంది. 1752లో మద్రాసు ఓడెక్కింది. ఎందుకంటావు? మొగుణ్ణి వెతుక్కోవడానికి. మరుసటేడే కడలూరు దగ్గర ఫోర్ట్ సెయింట్ డేవిడ్‌లో కంపెనీ డాక్టరు హాన్‌కాక్‌ను చేసుకుంది. వాళ్ల కూతురు ఎలిజా 1761లో కలకత్తాలో పుట్టింది. ఆ పిల్లకు వారెన్ హేస్టింగ్స్ జ్ఞానపిత. ఎలిజా మొదటి మొగుడు ఫ్రెంచి ప్రభువు, విప్లవంలో తల పోగొట్టుకున్నాడు. తర్వాత జేన్ అన్న హెన్రీని చేసుకుని ఈ ఇంటి కోడలైంది. కడలూరు కోట, కలకత్తా డబ్బు, పారిస్ గిలటిన్, మూడూ కలిసి హాంప్‌షైర్‌లో భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాయన్నమాట.

అబ్బాయి: ఇదంతా నవలల్లోకి వచ్చిందా?

పిన్ని: పదహారేళ్లప్పుడు, 1792లో, ‘కాథరిన్’ అని ఒకటి మొదలుపెట్టి పూర్తిచెయ్యలేదు. అందులో దిక్కులేని పిల్లను చుట్టాలు బెంగాల్‌కు ఓడెక్కించి, ఆమెకంటే రెట్టింపు వయసువాడికి కట్టబెడతారు. అది మంచి సంబంధమేనని పక్కవాళ్లు మెచ్చుకుంటారు. అసలు మనవాళ్లకు ఆస్టిన్ పరాయిది కాదురా. ‘ప్రియురాలు పిలిచింది’ చూసి మురిసిపోయినవాళ్లలో అది ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ అని ఎందరికి తెలుసు? అది తమిళంలో తీసిన సినిమా, 2000లో మనకు డబ్ అయి వచ్చింది. తండ్రి పోతే ఇంట్లోంచి బయటపడిన తల్లీకూతుళ్ల కథ ఇక్కడ ఒకరు వివరించి చెప్పాలా?

అబ్బాయి: మనం ఆంటిగ్వా దగ్గర ఉన్నాం పిన్నీ.

పిన్ని: అక్కడే ఉన్నాం. మేనత్త మద్రాసు వెళ్లడమూ, సర్ థామస్ ఆంటిగ్వా వెళ్లడమూ ఒకే లెక్క పుస్తకంలో రెండు పేజీలు. బయట నుంచి వచ్చే డబ్బు ఇంట్లో ఎవరి నోరు మూయిస్తుందో, ఎవరికి నోరిస్తుందో ఆమె రాసింది. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ హక్కులు నూటయాభైకి అమ్మాలనుకుని నూటపది పౌండ్లకు ఇచ్చేసిన మనిషికి డబ్బు మాట్లాడే భాష తెలీదా?

అబ్బాయి: ఒప్పుకుంటున్నాను. పాత్రల మౌనాన్ని రచయిత్రి మీద రుద్దకూడదు. అయినా ఒకటి మిగిలింది. ప్రశ్న వచ్చింది, జవాబు రాలేదు. ఆ తోటలో మనిషి ముఖం మనకు కనపడలేదు. నువ్వు ఎంత వాదించినా ఆ ముఖం నవల్లో లేదు.

పిన్ని: లేదు. ఆస్టిన్‌కు ఆ ముఖం తెలీదు. తెలియనిది కల్పించి రాసి ఉంటే ఇవాళ నువ్వే ఆ అబద్ధాన్ని చీల్చి చెండాడేవాడివి. జవాబు మాత్రం వచ్చింది. ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ 1814. పదిహేడేళ్ల తర్వాత, 1831లో, లండన్‌లో ‘ది హిస్టరీ ఆఫ్ మేరీ ప్రిన్స్’ అచ్చయింది. బెర్ముడాలో బానిసగా పుట్టి ఆంటిగ్వాలో చాకిరీ చేసిన నల్లజాతి మహిళ తన నోటితో చెప్పుకున్న బతుకు. ఫానీ అడిగినదానికి ఆంటిగ్వా నుంచే వచ్చిన మనిషి చెప్పిన సమాధానమది.

అబ్బాయి: అప్పుడు ఆస్టిన్ చాలదని నువ్వే ఒప్పుకున్నట్టు కదా?

పిన్ని: ఏ నవలా చాలదురా. చాలలేదన్నది నేరమైతే నీ థీసిస్‌లో అందరికీ శిక్ష వెయ్యాలి. ఆమె చెయ్యాల్సింది గదిలో ప్రశ్న పుట్టించి, జవాబు రాకపోవడాన్ని దాచకుండా ఉండడం. అది చేసింది. తర్వాతి పని మేరీ ప్రిన్స్‌ది, ఆ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టడం నీది.

అబ్బాయి: మరి ఇంగ్లండులో ఆ పొలాలు దున్నేవాళ్ల మాట తర్వాత చూద్దామన్నావు.

పిన్ని: దానికి ఇంకో చాప్టర్ రాయి. ముందు దీనికి పేరు మార్చు. ‘ఆస్టిన్ మౌనం’ అని పెట్టావు కదా, ‘బెర్ట్రమ్‌ల మౌనం’ అని పెట్టు.