ఓడిపోయే వాదన

ఓటింగులో ఓడిపోతుందని ముందే తెలిసిన వాదనను సభలో నిలబడి వినిపించటం నిజాయితీయేనా, లేక ప్రజలను మభ్యపెట్టే మార్గాలలో అదీ ఒకటా? ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. 1952లో ఏర్పడిన మొదటి లోక్‌సభలో 489 స్థానాలకు ఎన్నికలు జరిగితే కాంగ్రెసుకు 364 వచ్చాయి, కమ్యూనిస్టులకు 16. హైదరాబాదు రాష్ట్రంలో పార్టీ మీద నిషేధం ఉండటం వల్ల పి.డి.ఎఫ్. పేర పోటీచేసి గెలిచినవారు వేరే. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూకంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకుని ఢిల్లీ వెళ్ళాడు. అంతకు కొద్ది నెలల ముందే, 1951 అక్టోబరులో, సాయుధ పోరాట విరమణ జరిగింది. తుపాకి దించి వచ్చిన మనిషికి తన ఓటుతో ఏ చట్టమూ ఆగదని తెలియదా? తెలుసు. తెలిసే మాట్లాడాడు.

దీనికి మనవాళ్ళు సాధారణంగా ఇచ్చే సమాధానం ఒకటుంది: శాసనసభ ఒక ప్రచార వేదిక అని. ఈ సమాధానం నాకెప్పుడూ చాలినట్టు కనపడలేదు. ప్రచారమే కావాలంటే సంత ఉంది, కూడలి ఉంది, కళాశాల ఆవరణ ఉంది. అక్కడ వినేవాళ్ళు ఎక్కువ, నిద్రపోయేవాళ్ళు తక్కువ. సభకు మాత్రమే ఉన్న గుణం వేరొకటి. అక్కడ ప్రశ్న వేస్తే ఎదుటివాడు జవాబు చెప్పాలి. చెప్పిన జవాబు అచ్చవుతుంది. రాజ్యాంగం 105వ అధికరణం ప్రకారం అక్కడ అన్నమాటకు సభ్యుణ్ణి ఏ కోర్టుకూ ఈడ్వలేరు. బజారులో అదే మాట అన్న రైతుకూలీకి ఈ రక్షణ లేదు. కనుక ఆ రక్షణ సభ్యుడి సొంత ఆస్తి కాదు, అది లేనివాళ్ళ తరఫున వాడటానికి అతని చేతికిచ్చిన అప్పు.

ఈ అప్పును ఎలా వాడాలో చూపిన ఘట్టం 1963 ఆగస్టులో జరిగింది. ఆచార్య కృపలానీ నెహ్రూ మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం పెట్టాడు. లోక్‌సభలో అదే మొదటి అవిశ్వాస తీర్మానం. అనుకూలంగా 62 ఓట్లు, వ్యతిరేకంగా 347. ఇంత ఘోరంగా ఓడిన తీర్మానం గురించి ఇవాళ మాట్లాడుకుంటున్నామంటే దానికి ఒక అంకె కారణం. రామమనోహర్ లోహియా లేచి, ఈ దేశంలో 27 కోట్లమంది రోజుకు మూడణాల మీద బతుకుతున్నారని అన్నాడు. మూడణాలు కాదు, పదిహేనణాలు అన్నాడు నెహ్రూ. తర్వాత ప్రణాళికామంత్రి నందా ఏడున్నర అణాల దగ్గరకు వచ్చాడు. (దశాంశ నాణేలు వచ్చి అప్పటికి ఆరేళ్ళయినా పేదరికాన్ని అణాల్లోనే కొలిచారు, గమనించండి.)

లోహియా రాజకీయాలతో మనకు పేచీలున్నాయి. అది వేరే సంగతి. ఇక్కడ చూడవలసింది ఆయన లెక్క సరిగ్గా తేలిందా లేదా అన్నది కాదు. పదిహేనణాలనేది సగటు. లక్షాధికారి రాబడినీ పాలేరు రాబడినీ కలిపి భాగిస్తే వచ్చే అంకె. అడుగున ఉన్న అరవైమంది సంగతేమిటి అని అడిగేసరికి ఆ సగటు పగిలిపోయింది. ప్రభుత్వం తన చేతనున్న కాగితాలు తానే తిరగెయ్యవలసి వచ్చింది, ఒక అంకె నుంచి రెండో అంకెకు దిగవలసి వచ్చింది. పాలకపక్షానికి 347 ఓట్లున్నా ఆ ఓట్లతో ఏడున్నర అణాలను పదిహేను చెయ్యలేకపోయింది. ఓడిపోయే వాదనకున్న నైతిక బలం ఇదే: ఎదుటివాడిని నిజం పలికించటం, లేదా అతని అబద్ధాన్ని అచ్చులో ఉంచటం.

ఆ చర్చకు దాదాపు నెలరోజుల ముందు, 1963 జూలై 26న, నెహ్రూ బాల్కొండకు పక్కనే ఉన్న పోచంపాడులో గోదావరి మీద ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశాడు. తర్వాత దానికి శ్రీరామసాగర్ అన్న పేరు వచ్చింది. అభివృద్ధిని ఆనకట్ట ఎత్తుతో కొలవటం, కూలివాడి చేతికందిన అణాలతో కొలవటం, ఈ రెండు కొలతలూ ఒకే ఏడాదిలో ఎదురెదురు పడ్డాయి. ఆనకట్ట అక్కర్లేదని ఎవరూ అనలేదు. ఆ కొలత ఒక్కటే చాలదని చెప్పటానికి సభలో ఒక మనిషి ఉండాలి.

ఇప్పుడు ఎదుటి వాదన వినాలి, అది తేలికైనది కాదు గనక. తరిమెల నాగిరెడ్డి 1952లో జైలులో ఉండే అనంతపురంలో నీలం సంజీవరెడ్డిని ఓడించాడు. 1957లో లోక్‌సభకు వెళ్ళాడు, తర్వాత మళ్ళీ శాసనసభకు వచ్చాడు. ఇంత అనుభవం ఉన్నవాడు 1969లో శాసనసభ్యత్వానికి రాజీనామా చేశాడు. ఆయన అభియోగం సూటిగా ఉంది: భూమి గురించి చట్టం చేస్తారు, అమలు చెయ్యరు, మనం అడుగుతాం, వాళ్ళు చెబుతారు, ఈ తంతులో ఉన్నంతకాలం ప్రజలకు లేనిపోని ఆశ కల్పించటంలో మనకూ వాటా ఉంటుంది.

నివారక నిర్బంధ చట్టం కథ ఈ అభియోగానికి సాక్ష్యమే. 1950లో ఒక్క ఏడాదికని తెచ్చిన చట్టం పొడిగింపుల మీద పొడిగింపులతో 1969 చివరిదాకా బతికింది. ప్రతి పొడిగింపుకూ ప్రతిపక్షం ఎదురు తిరిగింది, ప్రతిసారీ ఓడిపోయింది. పోయిందనుకుంటే 1971లో ‘మీసా’ పేర తిరిగి వచ్చింది.

అయినా ఒక మాట. నాగిరెడ్డి ఈ అభియోగాన్ని ఎక్కడ చెప్పాడు? సభలోనే చెప్పాడు. తర్వాత ‘తాకట్టులో భారతదేశం’ ఏ రూపంలో పుట్టింది? కుట్రకేసులో కోర్టుకు ఇవ్వవలసిన ప్రకటనగా. రాజ్యం కట్టిన గదిలో, రాజ్యం రాసిపెట్టుకునే పుస్తకంలో, తన మాట దిగాలని ఆయనకూ ఉండింది. దీన్ని నేను తప్పుగా ఎంచటం లేదు. సభ శక్తిని తోసిపుచ్చినవాడు కూడా సభ రికార్డు విలువను తోసిపుచ్చలేదంటున్నాను, అంతే.

సుందరయ్యది వేరే దారి. 1952లో రాజ్యసభలో కమ్యూనిస్టు పక్ష నాయకుడు, 1955లో గన్నవరం నుంచి ఆంధ్ర శాసనసభకు. ఆయన పేరు చెప్పగానే మనకు సైకిలు గుర్తొస్తుంది. పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళాడని పిల్లలకు చెప్తాం, కళ్ళు చెమ్మగిల్లుతాయి, అక్కడితో ఆగుతాం. సైకిలు దిగి లోపలికెళ్ళి ఆయన ఏమడిగాడో చెప్పమంటే మనలో ఎంతమందిమి చెప్పగలం? శీలాన్ని పూజించి వాదాన్ని మరిచిపోవటం పాలకపక్షానికి ఎంతో అనుకూలమైన అలవాటు. సైకిలుకు ఎవరూ జవాబు చెప్పనక్కరలేదు.

ఇక బాల్కొండ. తొమ్మిది నెలలు నేలలో ఉండే పంట పసుపు. తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి, మెరుగుపట్టి, కొమ్ములు మార్కెట్టు యార్డుకు చేరేదాకా రైతుకు ధర తెలియదు. కనీస మద్దతు ధర జాబితాలో పసుపు లేదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాదు స్థానానికి 185 మంది పోటీపడితే వారిలో 178 మంది రైతులు. బాల్కొండ, ఆర్మూరు ప్రాంతాల పసుపు, ఎర్రజొన్న రైతులు. ఒక్కొక్క పోలింగు కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరుసగా పేర్చవలసి వచ్చింది. వీరెవరూ గెలుస్తామనుకోలేదు. జనరల్ అభ్యర్థికి ధరావతు 25,000 రూపాయలు, పోలైన ఓట్లలో ఆరోవంతు దాటకపోతే అది పోతుంది. ఓడిపోయే వాదనను సొంత డబ్బుతో వినిపించటమంటే ఇదే. ప్రతినిధి నోటి గుండా పోయి తమ మాట సన్నబడుతున్నదని తెలిసి, ప్రతినిధినే పక్కకు జరిపి ఓటు కాగితం మీదికి తామే ఎక్కారు.

సన్నబడటం అన్నాను. రైతులు అడిగినవి రెండు: బోర్డు, ధర. ఎన్నికల వేదికల మీదా, ఢిల్లీ ఉపన్యాసాల్లోనూ మొదటిదే మోగింది. ఒక అభ్యర్థి దాని గురించి బాండు కాగితం కూడా రాసిచ్చాడు. ఆ ఎన్నికలో సిటింగు సభ్యురాలు ఓడిపోయింది, బాండు రాసినాయన గెలిచాడు. 2023 అక్టోబరులో ప్రధాని బోర్డును ప్రకటించాడు, 2025 జనవరిలో అది నిజామాబాదు కేంద్రంగా మొదలయింది. ఇది రైతులు సాధించిన ఫలితమే, చిన్నచూపు చూడకూడదు. కాని బోర్డుకు కార్యాలయం ఉంటుంది, అధ్యక్షుడుంటాడు, ప్రారంభోత్సవం ఉంటుంది. ఇవ్వటానికి వీలైన వస్తువు. ధర అలాంటిది కాదు, దానికి డబ్బు కావాలి, వ్యాపారితో తగాదా కావాలి. సభకు అలవాటైన భాషలోకి కష్టాన్ని మార్చేటప్పుడు సగం జారిపోయింది. నాగిరెడ్డి అభియోగంలోని అసలు పదును ఇక్కడ తెలుస్తుంది: సభ మన కోరికను తిరస్కరించటమే కాదు, దాని ఆకారాన్నే మార్చేస్తుంది.

దీనికి విరుగుడు సభను వదిలిపెట్టటమని నేననుకోను. జారిపోయిన సగాన్ని పట్టుకుని మళ్ళీ అడగటం ప్రతిపక్ష సభ్యుడి పని. బోర్డు వాణిజ్య శాఖ కింద ఉంది, మద్దతు ధర వ్యవసాయ శాఖ చేతిలో ఉంది. పసుపు గురించి అడిగితే మొదటి మంత్రి లేచి బోర్డు సంగతి చెప్పి కూర్చుంటాడు. ప్రశ్నను రెండో మంత్రికి వెయ్యాలి: జాబితాలోకి పసుపు ఎందుకు రాలేదు, చేర్చితే క్వింటాలుకు ఎంత, కొనేదెవరు, డబ్బు ఎక్కడిది అని, అంకెతో సహా.