పరాయి నేలలో తోట

వాక్యభాగము: యిర్మీయా 29:4-7



బబులోనుకు చెరగా పోయినవారికి యిర్మీయా యెరూషలేమునుండి ఒక ఉత్తరము వ్రాసి పంపెను. త్వరలోనే ఇల్లు చేరుదురని కల్లప్రవక్తలు వారికి చెప్పుచుండిరి. యిర్మీయా అట్లు చెప్పలేదు. ఇండ్లు కట్టుకొని కాపురముండవలెననియు, తోటలు వేసి వాటి పంట తినవలెననియు, తమ్మును చెరపట్టిన ఆ పట్టణము బాగుకొరకే ప్రార్థింపవలెననియు దేవుని ఆజ్ఞగా తెలిపెను. ఆ నేల వారిది కాదు. పట్టా లేదు, వారసత్వము లేదు. అయినను తోట వేయుమనెను.

ఈ వాక్యము చదువునప్పుడు అమెరికా దేశములోని న్యూయార్కు పట్టణపు తోట ఒకటి నాకు జ్ఞాపకము వచ్చును. అది సంఘము వేసిన తోట కాదు, ఇరుగుపొరుగువారు వేసినది. 1970 తరువాతి సంవత్సరములలో ఆ పట్టణము అప్పులపాలాయెను. యజమానులు ఎన్నో ఇండ్లను విడిచిపోయిరి. కొన్ని తగలబడెను, కొన్ని కూల్చబడెను. పన్ను బాకీపడిన స్థలములు పట్టణ ప్రభుత్వము చేతికి వచ్చి చెత్తకుప్పలాయెను. అప్పుడు లిజ్ క్రిస్టీ అను చిత్రకారిణియు ఆమె స్నేహితులును గ్రీన్ గెరిల్లాలు అని పేరు పెట్టుకొని బయలుదేరిరి. వారి మొదటి పని వింటే నవ్వు వచ్చును. విత్తనములు, మట్టి, ఎరువు కలిపి బుడగలలో నింపి, కంచెల మీదుగా ఆ పాడు స్థలములలోనికి విసరిరి! విత్తువాని ఉపమానములో కూడ విత్తనము ఇంత దూరము పోలేదు.

1973లో వారు బవరీ, హౌస్టన్ వీధులు కలియు మూలనున్న పెద్ద ఖాళీ స్థలము మీద దృష్టి నిలిపిరి. చెత్త మోసిరి, కంచె వేసిరి, దాతలిచ్చిన మట్టి పోసి 60 ఎత్తు మళ్లు కట్టి కూరగాయలు వేసిరి. అడుగున ఇటుక ముక్కలున్నచోట వేరు దిగదు గదా! 1974 ఏప్రిలులో పట్టణ ప్రభుత్వము నెలకు ఒక్క డాలరు అద్దెకు ఆ స్థలము వారికిచ్చెను. క్రిస్టీ 1985లో మరణించెను. మరుసటి సంవత్సరము తోటకు ఆమె పేరు పెట్టిరి.

జీతములేని తోట ఎట్లు నడచును? 1978లో పట్టణ ప్రభుత్వము ఇట్టి తోటలకొరకు ఒక ప్రత్యేక శాఖను ఏర్పరచెను. నేల ప్రభుత్వముది, పని జనులది. సాధారణముగా ఎవరి మడి వారు చూచుకొందురు. బాటలు, కంచె, ఎరువుకుప్ప అందరివి. వారములో కొన్ని గంటలు తలుపు తెరచి ఎవరు వచ్చినను రానియ్యవలెను. చిక్కు అక్కడనే యున్నది. తన మడికి నీళ్లు పోసికొనుటకు అందరు వత్తురు. తలుపు తీసి కూర్చుండుటకు కొందరే వత్తురు. నెహెమ్యా 3వ అధ్యాయము చదువుడి. ఎవరి ఇంటి యెదుటి గోడ వారు బాగుచేసిన సంగతి అందున్నది. మెడ వంచని తెకోవ పెద్దల సంగతియు ఉన్నది. ఆ పెద్దల సంతతి మన సంఘములలో ఇంకను ఉన్నది.

1999లో ఆ పట్టణ ప్రభుత్వము 114 తోటలను వేలము వేయదలచెను. వేలమునకు ముందు రెండు ధర్మసంస్థలు సొమ్ము చెల్లించి వాటిని కొనినవి. అహాబు నాబోతు ద్రాక్షతోటను కూరతోటగా చేయగోరెను. ఇక్కడ కూరతోటలే పోవలసివచ్చెను. అయితే పోలిక పూర్తిగా కుదరదు. నాబోతుది పిత్రార్జితము, వీరిది అద్దె నేల. పైగా ఇల్లులేనివారికి ఇండ్లు కావలెనను మాటయు న్యాయమైనదే. 2002లో ఒప్పందము కుదిరి వందల తోటలు నిలిచినవి, కొన్ని స్థలములు ఇండ్లకు పోయినవి. క్రిస్టీ తోట నిలిచినది.

మనలో అనేకులకు సెంటు భూమి లేదు. ఒకరి పొలములో నాట్లు వేసి, కోత కోసి, చేతులూపుకొనుచు ఇల్లు చేరువారమే. అట్టివారు హక్కు అడుగక ఊరకుండవలెనని నేను చెప్పను. నాబోతు పక్షమున దేవుడే ఏలీయాను పంపెను. కాని పట్టా వచ్చువరకు విత్తనము మూటగట్టి ఉంచుమని యిర్మీయా వ్రాయలేదు.

గుడి ఆవరణలో సర్కారు తుమ్మ పెరిగిన మూల ఏ ఊరిలో లేదు? మునగ, బొప్పాయి, రెండు ఆనప పాదులు వేయుటకు పెద్ద చందా అక్కరలేదు. మొదటి కాపు విధవరాండ్రకు ఇయ్యవచ్చును (ద్వితీ. 24:19-21 చూడుడి). అయితే నాటకముందే ఒక సంగతి తేల్చుకొనుడి: వైశాఖమాసములో బావి అడుగంటినప్పుడు నీళ్లు మోయువారెవరు? ఆ పేర్లు వ్రాసికొనిన తరువాతనే గునపము తీయుడి.