నిప్పంటించినవాని ఋణము

ధ్యానభాగము: నిర్గమకాండము 22:6



ఒకడు తన పొలములోని కంపకు నిప్పు పెట్టెను. గాలికి ఆ నిప్పు పొరుగువాని కుప్పకు ప్రాకెను. "నేను కావలెనని చేయలేదు" అన్నంతమాత్రమున వాని బాధ్యత తీరదు. నష్టము చెల్లింపవలసినదే. ఇది మోషే ధర్మశాస్త్రపు తీర్పు.

ఈ తీర్పు గబ్బిలముల విషయములోను వర్తించునా? అమెరికా దేశమున ఈ ప్రశ్న నిజముగానే పుట్టినది. 2006వ సంవత్సరమున న్యూయార్కు రాష్ట్రములోని ఒక గుహలో, ముక్కున తెల్లని బూజు పట్టిన గబ్బిలములు మొదట కనబడెను. చలికాలమంతయు ఆహారము లేక, ఒడలి క్రొవ్వుతోనే నిద్రించు ఆ ప్రాణులను ఈ బూజు మాటిమాటికి మేలుకొల్పును. క్రొవ్వు కరగిపోగా, పురుగు దొరకని మంచులో అవి ఆకలితో చచ్చును. ఇట్లు లక్షలకొలది నశించెను. ఐరోపా గబ్బిలములు ఈ బూజుతోనే బ్రతుకుచున్నవి. అచ్చటినుండి మనుష్యుల వెంటనే ఇది సముద్రము దాటియుండునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

రోగమును కనిపెట్టుటకును, మందు వెదకుటకును అచ్చటి ప్రభుత్వము పన్నుల సొమ్ము వెచ్చించినది. "బిడ్డలకు కూడు లేనిచోట గబ్బిలములకు ధనమా?" అని అడుగువారిని మేము నిందింపము. మేమును మొదట అట్లే అడిగితిమి. లేవీయకాండము 11వ అధ్యాయములో గబ్బిలము అపవిత్రమైన వాటిలో చేరినదే గదా!

అయితే 2024లో 'సైన్స్' పత్రికలో వెలువడిన ఒక పరిశోధన మా నోరు మూయించినది. గబ్బిలములు నశించిన జిల్లాలలో పురుగులను తినునవి లేక, రైతులు పురుగుమందు వాడకమును సుమారు 31 శాతము హెచ్చించిరి. ఆ జిల్లాలలోనే, ప్రమాదములు గాక ఇతర కారణములచేత శిశుమరణములు సుమారు 8 శాతము పెరిగెను. పురుగుమందు వాసన ఎరిగిన మన రైతులకు ఇంతకంటె చెప్పనక్కరలేదు.

అయినను లాభము చూచి మాత్రమే కాపాడినచో, లాభము లేని ప్రాణి గతి యేమి? అపవిత్రమైన జంతువులకును నోవహు ఓడలో దేవుడు చోటిచ్చెను. కావున ఆ సొమ్ము భిక్ష కాదు, ఋణము. నిప్పు మనుష్యునిది, కాలిన కుప్ప దేవునిది. బిడ్డ కూడును ఋణమే. ఒక ఋణము చూపి మరియొకటి ఎగవేయరాదు.

మనము ఎరుగక పెట్టిన నిప్పు ఎవరి కుప్పను కాల్చినదో ఈ మాసము మోకాళ్లూని పరీక్షించుకొందము. చెల్లించు మనస్సును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.