కాళియుని మడుగు – ఊరి చెరువు

జలము శ్రీమన్నారాయణుని ప్రథమ నివాసము. నారములనగా జలములు, అవి అయనముగా గలవాడు కనుక నారాయణుడైనాడని పెద్దల నిర్వచనము. పాలకడలిలో శయనించువాడు, మత్స్యకూర్మములుగా నీటియందే అవతరించినవాడు ఆయనయే. కావుననే తీర్థము లేని ఆరాధన లేదు. పుష్కరిణి లేని దివ్యక్షేత్రము అరుదు. నీటిలో మలమూత్రములు విడువరాదని, ఉమ్మివేయరాదని తైత్తిరీయారణ్యకములోని అరుణప్రశ్న శాసించుచున్నది. మనుస్మృతి నాల్గవ అధ్యాయమునందును ఇట్టి నిషేధమే కలదు. అయితే ఇవి ఒక్కొక్క మనుష్యునికి విధింపబడిన నియమములు. ఊరంతయు విడిచిన నీరు ఒక కాలువయై చెరువులోనికి పోవునపుడు ఆ దోషము ఎవరిది? ఒక్కడు చేసిన తప్పునకు కర్త కనబడును. వేయిమంది కలిసి చేసినదానికి కర్త కనబడడు. కర్త కనబడనంత మాత్రమున కర్మఫలము తప్పదు. ఈ కాలమున విచారింపవలసిన ధర్మసూక్ష్మము ఇదియే.

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు సీమను చూడుడు. అది నల్లరేగడి నేల. ప్రత్తియు, మిరపయు ఆ నేల బలిమి వలననే పండుచున్నవి. ఆ రేగడి తడిసినచో ఉబ్బి, సందులు మూసికొని, నీటిని క్రిందికి దిగనీయదు. ఇసుక కలిసిన ఎఱ్ఱనేలలో ఇంకుడుగుంట త్వరగా త్రాగివేయు నీరు, ఇచ్చట వానకాలములో దినముల తరబడి నిలిచియుండును. కనుక ఇంటి వాడుకనీరు వీధికాలువలో పడును. వీధికాలువ పల్లమును వెదకికొనును. ఊరి పల్లమున ఉండునది చెరువో, కుంటయో, వాగో! పూర్వులు అచ్చట చెరువు త్రవ్వించినది వాననీటిని ఆపుటకు. తటాకమును సప్తసంతానములలో ఒకటిగా ఎంచి, కన్నకొడుకుతో సమానముగా భావించి త్రవ్వించినారు. నేడు ఆ పల్లమే మురుగునకును దారియగుచున్నది.

నీరు పెరిగిన కొలది మురుగును పెరుగును. 2019లో ఆరంభమైన జల జీవన్ పథకము పల్లెలలో మనిషికి దినమునకు 55 లీటర్ల నీటిని కుళాయి ద్వారా అందించుటకు సంకల్పించినది. ఇది మిక్కిలి పుణ్యకార్యము. బిందె మోసిన స్త్రీలకు ఆ విలువ తెలియును. కాని వాడిన నీటిలో నూటికి 80 వంతులు మురుగుగా తిరిగివచ్చునని ఇంజనీర్ల లెక్క. 5,000 మంది ఉన్న ఊరికి దినమునకు 2,75,000 లీటర్లు వచ్చినచో, 2,20,000 లీటర్లు కాలువలోనికి పోవును. నీటిని తెచ్చు దారిని ఆలోచించినవారు పోవు దారినికూడ ఆలోచించినప్పుడే ఆ పుణ్యము పూర్ణమగును.

మురుగును ఊరినుండి తొలగించుట అక్కరలేదని ఎవ్వరును అనరాదు. 2018 మార్చిలో గుంటూరు నగరమున ఆనందపేట మొదలగు పేటలలో త్రాగునీటితో మురుగు కలిసి అతిసార వ్యాధి ప్రబలినది. వందలమంది ఆసుపత్రుల పాలైనారు. పలువురు ప్రాణములు కోల్పోయినారు. పేదల ఇండ్లలో బిడ్డలు వాంతులతో, విరేచనములతో శోషించుచుండగా, పక్షుల కొరకు ఆ మురుగు అక్కడనే ఉండనిండని పలుకుట భూతదయ కాదు. తోటిమనుష్యుని ప్రాణముపై దయలేనివాని పక్షిదయ అలంకారమాత్రమే.

ఇక రెండవ పక్షమును వినవలెను. అదే గుంటూరు సమీపమున పెదకాకాని మండలములో ఉప్పలపాడు అను గ్రామము కలదు. ఆ ఊరి చెరువులోని తుమ్మచెట్లపై గూడబాతులు, ఎఱ్ఱకాళ్ళ కొంగలు, నీటికాకులు వేలాదిగా చేరి గూళ్ళు కట్టి పిల్లలను పెంచుచున్నవి. చెట్లు చాలనిచోట పక్షులు వ్రాలుటకు కృత్రిమమైన ఆధారములనుకూడ నిలిపినారు. ఇండ్ల ప్రక్కనే అంత సందడి, రెట్టల వాసన ఉన్నను గ్రామస్థులు వానిని వేటాడనీయక కాపాడుచున్నారు. ఒక చిన్న ఊరి చెరువు ఎన్ని కుటుంబములకు పురిటిల్లు కాగలదో అచ్చట ప్రత్యక్షముగా చూడవచ్చును.

“పక్షులకు రెక్కలున్నవి కదా, ఇది కాకున్న మరియొక చెరువునకు పోవును” అని కొందరందురు. అది అంత సులభము కాదు. గూడబాతు ఆహారమునకు ఎంతదూరమైనను పోవును గాని, గూడు మాత్రము నిర్భయమైన కొద్దిచోట్లనే, గుంపుగా కట్టును. 1946లో కె. కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు కొల్లేటి ప్రాంతమున సుమారు 3,000 గూడబాతులు పిల్లలను పెంచు స్థానమును కనుగొన్నాడు. 1974 ప్రాంతమునకు అవి ఆ స్థానమును విడిచిపోయినవి. విడిచిన ఇంటికి పక్షిని తిరిగి పిలుచుట మనుష్యుని చేతిలోని పని కాదు.

శ్రీవైష్ణవునికి మరియొక కారణమును కలదు. కులశేఖరాళ్వారు సార్వభౌముడై యుండియు, రాజ్యభోగములను తృణీకరించి, తిరువేంగడముపై కోనేటిలో నివసించు పక్షిగా పుట్టిన చాలునని ప్రార్థించినారు. ఆ కొండ సెలయేటిలో చేపగానైనను పుట్టుదునని వేడినారు. మహారాజు కోరిన జన్మమది! ఆళ్వారులు ఆశపడిన ఆ జన్మమును ఎత్తిన ప్రాణిని, నీటిలో విషము కలిపి తరిమివేయుటకు వైష్ణవుని చేయి ఆడవలసినది కాదు.

ఇట్లు ఒకవైపు బిడ్డల ఆరోగ్యము, ఒకవైపు పక్షుల పురిటిల్లు. ఈ రెంటి నడుమ ధర్మమెట్లు నిర్ణయింపవలెను? శ్రీమద్భాగవత దశమస్కంధములోని కాళియమర్దన ఘట్టమున దీనికి సమాధానము దొరకుచున్నది. కాళిందిలో కాళియుడుండు మడుగు విషాగ్నికి ఉడుకుచుండెను. పైన ఎగురు పక్షులు అందులో కూలుచుండెను. ఆ తుంపురులు కలిసిన గాలి సోకి తీరమందలి ప్రాణులు చచ్చుచుండెను. గోవులు, గోపబాలురు ఆ నీరు త్రాగి పడిపోగా స్వామి తన అమృతదృష్టితో బ్రతికించినాడు. పిమ్మట మడుగులో దుమికి కాళియుని పడగలపై నర్తించినాడు.

ఇంతవరకు అందరికిని తెలిసినదే. తరువాతి భాగమును నిదానముగా ఆలోచింపవలెను. కాళియుడు ఏమని విన్నవించినాడు? “మేము పుట్టుకతోనే క్రూరులము. స్వభావమును విడుచుట కష్టము. సృష్టించినవాడవు నీవే” అను భావముతో మొరపెట్టినాడు. స్వామి ఆ మాటను త్రోసివేయలేదు, వానిని చంపలేదు. “ఈ నది గోవులును మనుష్యులును అనుభవింపదగినది, నీవిచ్చట ఉండరాదు” అని సముద్రమునకు పొమ్మన్నాడు. రమణకద్వీపమున వానికి చోటు చూపినాడు. తన పాదముద్రలుండుటచే గరుడుని భయమును లేకుండ చేసినాడు. అనగా విషముగలవానికికూడ ఒక చోటు కావలెను; ఆ చోటు ఇతరుల ప్రాణాధారమైన మడుగు కారాదు. ఇదియే భగవానుడు చేసిన తీర్పు. మురుగు కూడ కాళియుని వంటిదే. మనుష్యులున్నంతవరకు అది ఉండక తప్పదు. దానిని తిట్టిన ప్రయోజనము లేదు. దానికి రమణకద్వీపమును చూపవలెను.

కాళియుడు ఆ మడుగునకే ఏల వచ్చినాడు? సౌభరి మహర్షి అచ్చటి చేపలపై దయతో, గరుడుడు మరల వచ్చి వానిని తినినచో ప్రాణము పోవునని శపించినాడు. గరుడుడు రాడని తెలిసి కాళియుడు ఆ మడుగులో చేరినాడు. చేపలను కాపాడుటకు ఏర్పడిన కట్టడి విషసర్పమునకు కోట అయినది! ఒక శత్రువును ఆపి, రెండవ దారిని కాపలా లేక విడిచినచో జరుగునది ఇదే.

కొల్లేరు ఇందుకు నేటి దృష్టాంతము. 1999లో కొల్లేటిని 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యముగా ప్రకటించినారు. 2002 ఆగస్టు 19న అది రామ్సర్ ఒప్పందము ననుసరించి అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తింపు పొందినది. 2006లో సరస్సును ఆక్రమించిన చేపలచెరువుల గట్లను తెగగొట్టినారు. కాని బుడమేరు, తమ్మిలేరులతోపాటు 60కి పైగా కాలువలు, డ్రెయిన్లు సరస్సులోనికి వచ్చుచున్నవి. వానిలో ఏలూరు, విజయవాడ, గుడివాడ పట్టణముల మురుగును కలదు. మురుగులోని సారమునకు గుఱ్ఱపుడెక్క బలియును. కుళ్ళుపదార్థము నీటిలోని ప్రాణవాయువును హరించును. చేప చచ్చును, చేప లేనిచోట కొంగ నిలువదు. కాగితముపై సరిహద్దు గీసినంత మాత్రమున కాళియుడు ఆగడు. అతడు కాలువ దారిన వచ్చును.

అయిన రమణకద్వీపము ఎచ్చట? కొల్లేటికి గుర్తింపు వచ్చిన దినముననే కలకత్తా తూర్పుదిక్కున ఉన్న 12,500 హెక్టార్ల చిత్తడినేలకును అదే గుర్తింపు లభించినది. ఆ మహానగరపు మురుగును కాలువల ద్వారా లోతులేని చెరువులలోనికి మళ్ళించి, మట్టు దిగనిచ్చి, సూర్యరశ్మికి, పాచికి వదలుదురు. పాచి ప్రాణవాయువును విడుచును. సూక్ష్మజీవులు కల్మషమును తినివేయును. అట్లు తేరిన నీటితో చేపల పెంపకము, కూరగాయల సాగు, వరిసాగు జరుగుచున్నవి. మురుగును చెరువులోనికి విడుచుట వేరు. మురుగు కొరకే చెరువు కట్టుట వేరు. మొదటిది దోషము, రెండవది ధర్మము.

ప్రత్తిపాడు సీమ పల్లెకు దీనిని అన్వయించి లెక్క చూడవచ్చును. పైన చెప్పిన 2,20,000 లీటర్ల మురుగును నాలుగడుగుల లోతు కుంటలలో పదిదినములు నిలుపుటకు సుమారు 45 సెంట్ల వైశాల్యము చాలును. గట్లు, దారి, చుట్టు చెట్లు కలిపి ఒక ఎకరము. ఇంకుడుగుంటకు శత్రువైన నల్లరేగడి ఈ కుంటకు మిత్రము. తడిసి అడుగు మూసికొని మురుగును భూమిలోనికి దిగకుండ ఆపును. తేరిన నీటిని ప్రత్తిచేనికి పెట్టవచ్చును. పచ్చిగా తిను ఆకుకూరలకు పెట్టరాదు. మరుగుదొడ్ల తొట్లలోని మడ్డిని మాత్రము ఈ కుంటలో పోయక వేరుగా శుద్ధిచేయవలెను. ఏటేట పూడిక తీయవలెను. ఒక ఎకరమును, కొంత శ్రద్ధను విడిచినచో బిడ్డల ఆరోగ్యమును, పక్షుల గూళ్ళును రెండును నిలుచును.

“ఆ ఎకరమెవరిది? మిరప పండు నేల ఎవరిత్తురు?” అను ప్రశ్న సహజము. చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది. ఊరివారు ఎకరము ఇయ్యనిచో పక్షులు తమ చెరువును ఇయ్యవలసి వచ్చును. వానికి గ్రామసభలో మాట లేదు, పట్టా లేదు. నోరులేనివాని ఆస్తిని తీసికొనుట సులభము కనుకనే అది అధర్మము. రోగము ప్రబలిన ఆపత్కాలమున ముందు మనుష్యుని ప్రాణమునే కాపాడవలెను, అది ఆపద్ధర్మము. కాని కర్చు తగ్గునని, దూరము కలిసివచ్చునని చెరువునకు కాలువ మళ్ళించుట ఆపద్ధర్మము కాదు. సౌకర్యమునకు ఆపద అని పేరు పెట్టుట ఆత్మవంచన.

యాత్రికులకును, గృహస్థులకును ఇందులో పాలున్నది. పుష్కరిణిలో సబ్బు రుద్దరాదు. విడిచిన వస్త్రములు, ప్లాస్టిక్ సంచులు వేయరాదు. వంటింటి నూనె, మందుల శేషము కాలువలో పోయరాదు. మిరపచేనికి కొట్టిన పురుగుమందు డబ్బాను చెరువులో కడుగరాదు. పెరటిలో అరటియో, కొబ్బరియో నాటి వాడుకనీటిని దానికి పెట్టుట చిన్న కైంకర్యము. గ్రామసభలో మురుగుకుంటకు చోటు అడుగుట పెద్ద కైంకర్యము. దేవునికి దీపారాధన చేయు చేతితోనే ఆయన శయ్యయైన నీటిని మలినము చేయరాదు.

కాళియుడు వెడలిన క్షణముననే యమున విషము తొలగి అమృతజలమైనదని శుకమహర్షి చెప్పియున్నాడు. నీటికి పగ లేదు, విడిచిపెట్టినచో తేరుకొనును. ఊరి చెరువులు అట్లు తేరుకొని, వాని గట్లపై బిడ్డలు ఆరోగ్యముతో ఆడుకొనుచు, చెట్లపై పక్షులు నిర్భయముగా గూళ్ళు కట్టుచు ఉండునట్లు, గోగోపాలకులను బ్రతికించిన ఆ శ్రీకృష్ణస్వామి ఎల్లవారికిని సద్బుద్ధిని ప్రసాదించుగాక!